పేట సంఘం పాత కాగితాలు చెదల పాలు కాకుండా దాచడం ఎలా?

నెల్లూరు మూలాపేట, కోటమిట్ట, స్టోన్‌హౌస్‌పేటల్లో యువజన సంఘమైనా, పొదుపు సంఘమైనా, దర్గా కమిటీ అయినా బీరువా అడుగున ఉండే సరుకు ఒకటే: తీర్మానాల పుస్తకాలు, చందా రశీదులు, కుళాయి కోసం పెట్టుకున్న అర్జీలు, కరపత్రాలు. తెలుగు కాగితాల మధ్య ఉర్దూ, తమిళం కాగితాలూ తగులుతాయి. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి కాబట్టి పని వేసవిలో మొదలుపెట్టి సెప్టెంబరులోగా ముగించండి.

ముందుగా, కట్ట విప్పకండి. ఉన్నది ఉన్నట్టే ఫొటో తీసి, ఎవరిచ్చారు, ఏ అరలో దొరికింది, ఏ తేదీన అన్నది నోటుబుక్కులో రాయండి. అర్జీ, దాని రశీదు, పైనుంచి వచ్చిన జవాబు ఒకే దారంతో కట్టి ఉంటే అలాగే ఉంచాలి. అర్జీలన్నీ ఒక చోట, జవాబులన్నీ ఒక చోట సర్దారా, ఏది దేనికి వచ్చిందో మళ్లీ తేలదు. అందరూ చేసే మొదటి తప్పు ఇదే.

తర్వాత దుమ్ము. మాస్కు కట్టుకుని, మెత్తటి కొత్త పెయింటు బ్రష్షుతో మధ్య నుంచి అంచుకు దులపండి. బూజు పట్టినవి ఆరుబయటే. తుప్పు పట్టిన పిన్ను లాగితే కాగితం చిరుగుతుంది. కింద పలచటి ప్లాస్టిక్ ముక్క దూర్చి మెల్లగా ఎత్తండి. రబ్బరు బ్యాండ్లు మన ఎండకు కరిగి అంటుకుంటాయి, తెల్ల నూలు నాడా కట్టండి. సెలోటేపు, లామినేషన్ జోలికి పోవద్దు. ఒకసారి వేడితో అతికించాక కాగితాన్ని మళ్లీ విడదీయలేం.

ప్రతి కాగితం మూలన మెత్తటి పెన్సిలుతో నంబరు వేయండి, పెన్నుతో కాదు. రిజిస్టరులో నంబరు, తేదీ, భాష, ఒక్క వాక్యంలో విషయం. ఉర్దూ, తమిళ కాగితాలకు ఆ భాష చదవగల పేటవాళ్లను కూర్చోబెట్టండి. ఊహించి రాసిన వివరం కన్నా ఖాళీ గడే నయం.

కరపత్రాల మీద తేదీ ఉండదు, కానీ ఆనవాళ్లుంటాయి. సారా నిషేధించమని అడిగేది 1993 అక్టోబరుకు ముందుది అయ్యుంటుంది, ఎందుకంటే అప్పటినుంచే రాష్ట్రంలో సారా బంద్. ‘నెల్లూరు మునిసిపాలిటీ’ అని ఉంటే చాలావరకు 2004కు ముందుది, ఆ ఏడే కార్పొరేషన్ అయింది. పాత లెటర్‌హెడ్లు అయ్యేదాకా వాడేస్తారు గనుక, ఇలా తేల్చిన ఏడు పక్కన ‘సుమారు’ అని రాయండి.

స్కానింగులో కాగితాలకు 300 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క), ఫొటోలకు 600. సెల్‌ఫోనైతే కిటికీ పక్క నీడలో, ఫ్లాష్ లేకుండా. మెషిన్ రశీదులు, ఫ్యాక్స్ కాగితాలు వేడికి వెలిసిపోతాయి, వాటిని ముందు చేయండి. ఇంకో చిక్కు డీటీపీ ఫైళ్లు: అను ఫాంట్లతో టైపు చేసినవి ఆ ఫాంటు లేని కంప్యూటరులో పిచ్చి గీతల్లా తెరుచుకుంటాయి. ఆ ఫాంటున్న పాత కంప్యూటరు పనిచేస్తుండగానే పీడీఎఫ్ చేయించుకోండి.

ఇనుప ర్యాకు కింది అర నేలకు అరడుగు ఎత్తున, గోడకు జానెడు దూరంలో ఉండాలి. చెదలు గోడ వెంటే ఎక్కుతాయి. బాత్‌రూం గోడ పక్కనా, పైన ట్యాంకు ఉన్న గదిలోనూ వద్దు. పచ్చి వేపాకు పెడితే తేమ చేరుతుంది. బాగా ఎండబెట్టి, గుడ్డ సంచిలో కట్టి, కాగితానికి తగలకుండా పెట్టండి.

తడిస్తే 48 గంటల్లో బూజు మొదలవుతుంది. ఎండలో వేయకుండా, ఫ్యాను గాలికి, అచ్చు లేని తెల్లకాగితాలు మధ్యన పెట్టి మారుస్తూ ఆరబెట్టాలి. అతుక్కున్న ఫొటోలను ఊడబెరకవద్దు.

అప్పుల లెక్కలు, ఇంటి గొడవల ఫిర్యాదులు, ఆధార్ నకళ్లు అందరికీ చూపించేవి కావు. విడి కవర్లలో సీలు వేసి, ఎవరు, ఎప్పుడు తెరవచ్చో సర్వసభ్య సమావేశంలో తీర్మానం రాయించండి. స్కాన్లు మూడు కాపీలు: ఆఫీసులో ఒకటి, సభ్యుల ఇంట్లో హార్డ్‌డిస్కులో ఒకటి, పెన్నా వరద అందని వేరే ఊళ్లో ఒకటి. ఏటా ఉగాదికి మూడూ తెరిచి చూడండి.