ఆటోమేటిక్ లారీ గేరు మారేటప్పుడు గట్టిగా కొడుతుంటే: గేర్‌బాక్సు దించకముందు చూడాల్సినవి

ఆటోమేటిక్ బండి గేరు మారేటప్పుడు ధడ్‌మని జర్క్ ఇస్తే ఓనరుకు టెన్షన్ మొదలవుతుంది. ‘బాక్సు పోయింది, దించాల్సిందే’ అనే మాట కూడా ఆ పూటే ఎవరో ఒకరు అనేస్తారు. కడప చుట్టుపక్కల సిమెంటు, నాపరాయి, ముగ్గురాయి లోడ్లకు తిరిగే బండ్లు చూసేవాడిగా నేను గట్టిగా చెప్పేది ఒక్కటే. బాక్సు ఆఖరున దించాలి. ఆయిలు, కరెంటు, గాలి, షాఫ్టు (బాక్సు నుంచి వెనక చక్రాలకు తిప్పుడు అందించే పొడుగాటి రాడ్డు) ఈ నాలుగూ చూడకుండా దించితే కూలీ పోతుంది, కిరాయి పోతుంది, మళ్లీ ఎక్కించాక జర్క్ అలాగే ఉంటుంది. కారణం బాక్సులో లేనప్పుడు బాక్సు విప్పి ఏం లాభం?

మీ బండిది ఏ ఆటోమేటిక్?

క్లచ్ పెడలు లేని బండ్లన్నీ ఒకటి కాదు. హైవే లారీల్లో ఎక్కువగా కనిపించేది ఏఎంటీ, అంటే ఆటోమేటెడ్ మాన్యువల్ ట్రాన్స్‌మిషన్. లోపల మామూలు గేర్‌బాక్సే, మామూలు క్లచ్ ప్లేటే. డ్రైవరు కాలు, చెయ్యి చేసే పనిని కంప్యూటర్ చెబితే పెద్ద బండ్లలో గాలి, కొన్ని చిన్న బండ్లలో హైడ్రాలిక్ ఆయిల్ చేస్తాయి. రెండోది టార్క్ కన్వర్టర్ (ఇంజన్ తిప్పుడును ఆయిల్ ద్వారా బాక్సుకు అందించేది) ఉన్న పూర్తి ఆటోమేటిక్. గనుల్లో తిరిగే కొన్ని టిప్పర్లకు వచ్చే ఆలిసన్ బాక్సులు, హైలక్స్, వి-క్రాస్ లాంటి పికప్‌ల ఆటోమేటిక్ మోడళ్లు ఈ రకం. వీటిలో ఆయిల్ ప్రెషరే లోపలి క్లచ్ ప్యాకులను పట్టుకుంటుంది, వదులుతుంది. ఏఎంటీ బాక్సులో పోసేది గేర్ ఆయిల్, రెండో రకంలో పోసేది ఏటీఎఫ్ (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్). ఈ తేడా తెలియకుండా డబ్బా మూత తీయకండి.

తర్వాత డ్రైవరును కూర్చోబెట్టి అడగండి. పొద్దున చల్లగా ఉన్నప్పుడు కొడుతోందా, వేడెక్కాకా? అన్ని గేర్లలోనా, ఒక్క మార్పులోనేనా? లోడుమీదా, ఖాళీగానా? డాష్ మీద లైటు వెలిగిందా? అన్నిటికంటే ముఖ్యం, కొట్టేముందు ఆర్‌పీఎం ముల్లు ఒక్కసారి పైకి లేచిందా? లేచి పడి కొడితే లోపల పట్టు జారుతోందని అర్థం. అప్పుడు ఆయిల్ తక్కువైందో, క్లచ్ అరిగిందో చూడాలి. ముల్లు లేవకుండా నేరుగా కొడితే పట్టు అవసరానికి మించి గట్టిగా పడుతోంది, అంటే కరెంటు, సెన్సర్ల వైపు వెళ్లాలి. ఈ ఒక్క ప్రశ్నతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గిపోతుంది.

డి (ముందుకు) గానీ ఆర్ (రివర్స్) గానీ వేయగానే ‘ధడ్’

ముందు ఐడిల్, అంటే యాక్సిలేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం చూడండి. కంపెనీ చెప్పినదానికంటే ఆర్‌పీఎం ఎక్కువగా ఉంటే గేరు వేయగానే కొట్టడం సహజం. ఉదయం స్టార్ట్ చేసిన వెంటనే కొట్టి, ఇంజన్ వేడెక్కి ఐడిల్ దిగాక తగ్గిపోతే దాని గురించి భయపడాల్సింది లేదు, ఐడిల్ దిగేదాకా ఆగి గేరు వేయండి.

ఐడిల్ సరిగ్గానే ఉంటే మౌంటింగ్ రబ్బర్లు. ఇంజన్, బాక్సుల కింద రబ్బరు పగిలినా, ఆయిల్ తగిలి ఉబ్బినా మొత్తం ఇంజన్ ఎగిరి ఛాసిస్‌ను కొడుతుంది. ఒకరు సీట్లో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కి గేరు వేస్తుంటే ఇంకొకరు పక్కన నిలబడి, కింద దూరకుండా, ఇంజన్ ఎంత కదులుతోందో చూస్తే తెలిసిపోతుంది.

ఆ తర్వాత షాఫ్టు. బండిని సమానంగా ఉన్న చోట ఆపి, ఇంజన్ ఆఫ్ చేసి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, పార్కింగ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచాలి. షాఫ్టును రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ తిప్పండి, పైకీ కిందకీ ఊపండి. ఒక వేలు క్రాస్ (షాఫ్టు కొనలో మడత తిరిగే జాయింటు) కప్పు మీద, ఒక వేలు పక్కనే ఉన్న ఫోర్కు మీద పెట్టి తిప్పితే క్రాస్ అరిగిందో లేదో వేళ్లకే అందుతుంది. రెండూ కలిసి కదిలితే క్రాస్ బాగుంది, ఒకటి ఆగి రెండోది కదిలితే మార్చాల్సిందే. కప్పు చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపల గ్రీజు ఎప్పుడో అయిపోయింది. సెంటర్ బేరింగ్ రబ్బరును కూడా అప్పుడే చూసేయండి.

బండి ఆగబోయేముందు గానీ, ఆగి కదిలేటప్పుడు గానీ వెనక నుంచి ఒక్క దెబ్బ తగిలితే నా అనుమానం నేరుగా షాఫ్టు స్లిప్ జాయింట్ మీదికే పోతుంది. సస్పెన్షన్ ఊగినప్పుడు షాఫ్టు పొడుగు మారాలి. స్ప్లైన్స్ (ఆ జాయింటు జారే గాళ్లు) మీద గ్రీజు ఎండిపోతే అది జారకుండా పట్టుకుని, ఒక్కసారిగా వదులుతుంది. లోపల కూర్చున్నవాడికి అది గేరు కొట్టినట్టే అనిపిస్తుంది. యర్రగుంట్ల, బేతంచెర్ల వైపు రాతి దుమ్ములో తిరిగే బండ్లకు షాఫ్టు గ్రీజు పని వాయిదా వేయకూడదు.

అన్ని గేర్లూ గట్టిగా కొడుతూ, లైటు వెలిగితే

ఇక్కడే జనం ఎక్కువగా మోసపోతారు. టార్క్ కన్వర్టర్ బాక్సుల్లో చాలావరకు ఒక ఏర్పాటు ఉంటుంది. కంప్యూటర్‌కు ఏదో తేడా కనిపించినా, ప్రెషరును అదుపు చేసే సోలెనాయిడ్‌కు (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వు) కరెంటు అందకపోయినా ఆయిల్ ప్రెషర్ గరిష్ఠానికి పోతుంది. క్లచ్‌లు జారి కాలిపోకుండా ఉండటానికే అలా పెట్టారు. కాబట్టి అన్ని గేర్లూ ఒకేలా కొడుతున్నాయంటే బాక్సు తనను తాను కాపాడుకుంటోందని అనుకోవాలి, పాడైందని కాదు.

మొదట స్కానర్ పెట్టించి కోడ్ చదివించండి, చదివిన కోడ్ కాగితం మీద రాసుకోండి. రాయకుండా చెరిపేసిన కోడ్ తిరిగి వచ్చేదాకా ఎదురుచూడాల్సి వస్తుంది. బటన్ సెలెక్టర్ ఉన్న ఆలిసన్ అయితే స్కానర్ లేకపోయినా పై బాణం, కింది బాణం రెండూ కలిపి నొక్కితే చాలు. సెన్సర్ ఉన్నవాటిలో ముందు ఆయిల్ లెవెల్ వస్తుంది, ఆ తర్వాత కోడ్‌లు వస్తాయి.

మల్టీమీటర్ తీసుకుని బ్యాటరీ చూడండి. 24 వోల్టుల బండిలో ఇంజన్ నడుస్తుండగా 27 నుంచి 28.5 మధ్య ఉండాలి. పికప్‌లో 14 అటూ ఇటూ. తర్వాత మీటర్ ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, ఇంకో కొన గేర్‌బాక్సు ఒంటి మీద శుభ్రంగా గీకిన చోట పెట్టి, ఎవరినైనా సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్టు దాటితే ఎర్త్ స్ట్రాప్ (బాక్సును బ్యాటరీ నెగటివ్‌కు కలిపే తీగ) పోయింది. బోల్టు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగిస్తే సరిపోయే పని ఇది. దీనికి కూడా బాక్సు దించినవాళ్లున్నారు.

ఇక వైర్లు. పొలాల పక్కన, గోడౌన్ల దగ్గర రోజుల తరబడి ఆపిన బండ్లలో ఎలుకలు వైరింగ్ కొరకడం మామూలే. సర్వీస్ స్టేషన్‌లో ప్రెషర్ నీళ్లు కనెక్టర్ మీదికి కొడితే పిన్నుల మీద పచ్చటి తుప్పు కొన్నాళ్లకు బయటపడుతుంది. బాక్సు పక్కనున్న పెద్ద కనెక్టర్ ఊడదీసి లోపల చూడండి. పిన్నుల మధ్య ఆయిల్ తడి ఉంటే లోపలి నుంచి వైరు వెంబడి ఆయిల్ ఎక్కి వస్తోందన్నమాట. తుడిస్తే సరిపోదు, సీలుతో పాటు ఆ వైరు ముక్క కూడా మార్చాలి.

వేడెక్కాక కొడితే, జారి కొడితే

ఇది ఆయిల్ సంగతి, అందులోనూ మన ఎండల సంగతి. మే నెలలో అనంతపురం, కడప రోడ్ల మీద గాలే 40 డిగ్రీలు దాటుతుంది. ఫుల్ లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు కన్వర్టర్ లాక్ కాకుండా (ఇంజన్, బాక్సు నేరుగా కలిసి తిరగకుండా) ఎంతసేపు లాగితే ఆయిల్ అంత కాగుతుంది. ఆలిసన్ లాంటి బాక్సుల్లో ఆయిల్ వేడి 121 డిగ్రీలు దాటనివ్వకూడదు. ఎక్కేచోట యాక్సిలేటర్ నేలకు తొక్కి పట్టకుండా ఒక గేరు తగ్గించుకుంటే బండి వేగంగా తిరిగే ఇంజన్‌తో లాక్‌లోనే ఎక్కుతుంది, ఆయిల్ కూడా చల్లగా ఉంటుంది.

లెవెల్ చూసే పద్ధతి దగ్గరే తప్పు జరుగుతుంది. ఇంజన్ ఆయిల్ లాగా ఇంజన్ ఆపి చూస్తే తప్పు లెక్క వస్తుంది. ఆలిసన్ డిప్‌స్టిక్ మీద చల్ల గుర్తు, వేడి గుర్తు విడివిడిగా ఉంటాయి. నమ్మాల్సింది వేడి గుర్తునే. ఆయిల్ 71 నుంచి 93 డిగ్రీల మధ్య ఉండాలి, బండి సమానంగా నిలబడాలి, ఇంజన్ ఐడిల్‌లో, గేరు న్యూట్రల్‌లో, పార్కింగ్ బ్రేకు వేసి ఉండాలి. పైన చెప్పిన బాణం బటన్లతో చూస్తే రెండు నిమిషాలు ఆగాక ఫలితం వస్తుంది. ‘ఎల్ఓ 2’ అని వస్తే రెండు క్వార్ట్‌లు, అంటే సుమారు రెండు లీటర్లు తక్కువ. కొన్ని పికప్‌లకు డిప్‌స్టిక్కే ఉండదు, కింద ప్లగ్గు తీసి కంపెనీ చెప్పిన వేడి దగ్గర కారేదాన్నిబట్టి చూడాలి. ఆ పని వర్క్‌షాప్‌కే వదిలేయండి.

ఆయిల్ తక్కువైతే పంపు గాలి పీలుస్తుంది, ప్రెషర్ ఊగుతుంది, జారి కొడుతుంది. ఎక్కువ పోస్తే లోపల తిరిగే గేర్లు దాన్ని చిలికి నురగ చేస్తాయి, ఫలితం మళ్లీ అదే. ‘ఒక లీటరు ఎక్కువైతే ఏమవుతుందిలే’ అనుకోకండి.

తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వేసి వెలుతురులో చూడండి. ఎర్రగా తేటగా ఉంటే సరే. ముదురు గోధుమ రంగులో, కాలిన వాసన వస్తే క్లచ్ మెటీరియల్ కాలుతోంది. రోజ్ మిల్క్ రంగులో ఉంటే రేడియేటర్ లోపలి ఆయిల్ కూలర్ చిల్లుపడి కూలెంట్ కలిసింది. అప్పుడు బండి ఒక్క కిలోమీటరు కూడా నడపకూడదు, టో చేయించాల్సిందే. నీళ్లు తగిలితే లోపలి క్లచ్ ప్లేట్ల లైనింగ్ ఊడిపోతుంది. ఆయిల్ మార్చేటప్పుడు ఫిల్టరు కూడా మార్చండి, కంపెనీ చెప్పిన గ్రేడే పోయండి. రంగు ఎర్రగా ఉన్నంత మాత్రాన అన్ని ఏటీఎఫ్‌లూ ఒకటి కావు.

కూలర్ ముందు దుమ్ము, పురుగులు, పీచు పేరుకున్నాయేమో కూడా చూడండి. గాలితో వెనక నుంచి ముందుకు ఊదాలి.

ఏఎంటీ కొడితే ముందు గాలి

డాష్‌లో గేజీలు నిండుగా చూపిస్తున్నాయని గాలి బాగుందనుకోకూడదు. అవి చూపించేది బ్రేకు టాంకీల ప్రెషర్. చాలా బండ్లలో గేర్‌బాక్సుకు గాలి వేరే లైనులో పోతుంది, కాబట్టి గేజీకి తెలియకుండానే అక్కడ తక్కువ కావచ్చు. ఇంజన్ ఆపి, నిశ్శబ్దంగా ఉన్నప్పుడు బాక్సు దగ్గర చెవి పెట్టండి. ఎక్కడైనా బుస్‌మంటే సబ్బు నీళ్లు పూసి చూడండి.

టాంకీల డ్రెయిన్ లాగితే నీళ్లు, జిడ్డు వస్తే ఎయిర్ డ్రయ్యర్ కాట్రిడ్జ్ అయిపోయింది. ఆ తేమ బాక్సు మీది చిన్న వాల్వుల్లోకి పోయి అవి అంటుకుంటాయి, గేరు ఆలస్యంగా పడి కొడుతుంది. కాట్రిడ్జ్ మార్చినా మళ్లీ నల్లటి జిడ్డు వస్తుంటే కంప్రెసర్ ఆయిల్ పాస్ చేస్తోంది, దాన్ని బాగుచేయకుండా ముందుకు పోకండి.

కదిలేటప్పుడే జర్క్, ఎత్తు మీద మరీ ఎక్కువ అంటే క్లచ్. ప్లేటు అరిగేకొద్దీ అది పట్టే చోటు మారుతుంది. కంప్యూటర్ కొంతవరకు సర్దుకుంటుంది, ఆ తర్వాత దానివల్ల కాదు. ప్లేటు కొత్తది వేశాక స్కానర్‌తో క్లచ్ లెర్నింగ్, అంటే పట్టే చోటును కంప్యూటర్‌కు నేర్పించడం, చేయించాలి. చేయించకుండా బండి బయటికి తెచ్చి ‘కొత్త క్లచ్ వేసినా కొడుతోంది’ అనేవాళ్లే ఎక్కువ. ఎత్తులో ట్రాఫిక్ ఆగినప్పుడు యాక్సిలేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటు ఉంటే మాన్పించండి, బ్రేకు తొక్కమనండి. ప్లేటును అంత త్వరగా కాల్చేది ఇంకోటి లేదు.

లోపం కాని జర్క్‌లు

రాయచోటి, కడప మధ్య గువ్వలచెరువు ఘాట్ దిగేటప్పుడు ఎగ్జాస్ట్ బ్రేకు వేస్తే చాలా బాక్సులు కావాలనే కింది గేరుకు దిగుతాయి. కొంచెం కొట్టినట్టు ఉంటుంది, ఇంజన్ గట్టిగా అరుస్తుంది. బండిని పట్టుకునేది అదే. జర్క్ నచ్చలేదని న్యూట్రల్ చేసి దిగడం ప్రాణాలమీదికి తెచ్చుకోవడం. ఆ ఘాట్‌లో ఎన్ని ప్రమాదాలు జరిగాయో ఇక్కడి వాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు.

బ్యాటరీ తీసిన తర్వాత గానీ, బాక్సు రిపేరు తర్వాత గానీ కొన్నాళ్లు గేర్లు మొరటుగా పడొచ్చు. కంప్యూటర్ మళ్లీ నేర్చుకోవాలి. చల్లగా, వేడిగా, ఖాళీగా, లోడుతో అన్ని రకాలుగా మెల్లగా నడపండి. రోజురోజుకీ తగ్గుతుంటే వదిలేయండి, తగ్గకపోతే స్కానర్‌తో రీలెర్న్ చేయించండి.

బాక్సు నిజంగా విప్పాల్సిందెప్పుడు?

ఒకే మార్పు, ఉదాహరణకు రెండు నుంచి మూడుకు, ఎప్పుడూ కొడుతూ, మిగతావి మెత్తగా పడుతుంటే ఆ గేరు సోలెనాయిడ్, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను దారి మళ్లించే వాల్వుల దిమ్మ), లేదా ఆ క్లచ్ ప్యాక్. సోలెనాయిడ్ వరకు చాలా బాక్సుల్లో కింద పాన్ (ఆయిల్ నిలిచే తట్ట) విప్పితే చాలు, అందుతుంది, బాక్సు దించక్కర్లేదు. పాన్ విప్పినప్పుడు అందులోని అయస్కాంతం చూడండి. మెత్తటి బూడిద పేస్టు పట్టి ఉంటే అది మామూలు అరుగుదల, తుడిచి పెట్టేయండి. గీరుకునే ముక్కలు, పొరలు, ఇత్తడి రంగు రవ్వలు చేతికి తగిలితే ఇక ఆయిల్ మార్చి రోడ్డెక్కించవద్దు, అప్పుడు బాక్సు దించండి.