పాత మారుతి 800కి పెట్రోల్ ట్యాంకు మళ్లీ ఎక్కించే ముందు

ట్యాంకు దింపేశారు, లోపల తుప్పు కడిగించారు, బయట రంగు కొట్టించారు, ఇక బోల్టులు బిగిస్తే పనైపోయినట్టే అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నా. మాది 1996 కార్బొరేటర్ (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజన్‌కి పంపేది) బండి. దింపడానికి గంట పట్టింది, సరిగ్గా ఎక్కించేసరికి మూడు ఆదివారాలు పోయాయి.

నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకుకే ఎక్కువ భయపడాలి. అంటుకునేది పెట్రోల్ ఆవిరి. గాలిలో అది నూటికి ఒకటిన్నర నుంచి ఏడున్నర వంతుల దాకా ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు, ఖాళీ ట్యాంకులో ఆ పాళ్లు కుదరడం చాలా తేలిక. పైగా ఆవిరి గాలికంటే బరువు కాబట్టి పైకి పోదు, నేలబారుగా పాకి పల్లంలో చేరుతుంది. అందుకే ఈ పని సర్వీసింగ్ గుంతలోనూ, అపార్ట్‌మెంట్ సెల్లార్లోనూ పెట్టుకోవద్దు. ఆరుబయట, నీడలో, పొద్దున్నే. మే నెల మధ్యాహ్నం అసలే వద్దు.

జాకీ ఎత్తకముందే బ్యాటరీ నెగెటివ్ వైరు పీకి పక్కకు కట్టేయండి. కింద వెలుతురుకి వైరుకి వేలాడే బల్బు కాకుండా ఎల్ఈడీ టార్చి వాడండి. సిగరెట్ వద్దని అందరికీ తెలుసు, అగరబత్తీ సంగతే గుర్తుండదు: షాపు తెరవగానే దేవుడి పటం ముందు వెలిగించి, అదే చేత్తో బండి చుట్టూ తిప్పేవాళ్లని చూశాను. నిప్పంటుకుంటే నీళ్లు పోయొద్దు, పెట్రోల్ నీళ్లమీద తేలి మంటని ఇంకా దూరం తీసుకెళ్తుంది. మంటలార్పే పౌడర్ సిలిండరు, పొడి ఇసుక బకెట్టు చేతికందేలా పెట్టుకోండి.

ఇంకా చిల్లు మిగిలిందా? ‘వారం ఎండలో పెట్టాం, వాసన కూడా లేదు, రెండు చుక్కలు వెల్డింగ్ వేయించేద్దాం’ అంటే ఒప్పుకోవద్దు. మడతల్లో, తుప్పు పొరల కింద దాక్కున్న పెట్రోల్ వేడి తగలగానే ఆవిరవుతుంది, ట్యాంకులు పేలేది అలాగే. సబ్బు రుద్దడం, ఎం-సీల్ ముద్ద పెట్టి చిల్లు మూయడం ఇంటిదాకా చేరడానికే. అలాంటి ట్యాంకుని వదిలేసి వేరేది వేసుకోండి.

రబ్బరు పైపుల దగ్గర పిసినారితనం వద్దు. ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది, పాతకాలం రబ్బరు దానికి ఉబ్బి, మెత్తబడి, చివరికి చీలుతుంది. ఇథనాల్ కి తట్టుకునే పైపు కావాలని గట్టిగా అడగండి, షాపువాడు నీళ్లగొట్టం లాంటి ప్లాస్టిక్ ముక్క చేతిలో పెడితే వెనక్కిచ్చేయండి. క్లిప్పులు కూడా కొత్తవే.

కారుని వట్టి జాకీ మీద నిలబెట్టి కిందకి దూరొద్దు, ఇటుకల మీద అంతకంటే వద్దు. గట్టి స్టాండ్లు వేసి, ముందు చక్రాలకి అడ్డం పెట్టండి. ట్యాంకుకీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు ముక్కలు మర్చిపోతే రేకు రేకుకి రాసుకుని, కొట్టించిన రంగు పోయి మళ్లీ తుప్పే. ట్యాంకులో పెట్రోల్ ఎంతుందో గేజ్‌కి చెప్పే ఫ్లోట్ ఎర్త్ వైరు తగిలేచోట మాత్రం రంగు గీకేయాలి, లేకపోతే గేజ్ ముల్లు కదలదు.

మా మొదటి ఆదివారం తప్పు బ్రీదర్ పైపుది, అంటే ట్యాంకులోకి గాలి వచ్చే పైపుది. ఎక్కించేటప్పుడు ట్యాంకుకీ ఫ్లోరుకీ మధ్య అది నలిగిపోయింది, మెకానిక్కూ చూడలేదు, నేనూ చూడలేదు. ఇంటిదగ్గర బ్రహ్మాండంగా స్టార్టయింది. ఐదారు కిలోమీటర్లు పోగానే గుంజుకుంటూ ఆగింది. కాసేపాగితే స్టార్టవుతుంది, మళ్లీ ఆగుతుంది. పంపు పోయిందనుకుని తిట్టుకుంటూ, ఎందుకో ట్యాంకు మూత తిప్పాను. హుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది! పెట్రోల్ బయటికి పోతున్నకొద్దీ లోపలికి గాలి రావాలి కదా, ఆ దారే మూసుకుపోయింది. కాబట్టి బోల్టులు పూర్తిగా బిగించకముందే పైపులన్నిటి మీదా వేలు పోనిచ్చి చూడండి. ఇంజన్‌కి వెళ్లేది, తిరిగొచ్చేది, బ్రీదర్ - విప్పేటప్పుడే మూడు రంగుల టేపు చుట్టి ఫోన్లో ఫొటో తీసుకుని ఉంటే ఈ టెన్షన్ ఉండదు.

పాత పెట్రోల్ ని నోటితో లాగొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే. పొరపాటున మింగినా వాంతి చేయించకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. ఇంజన్ త్వరగా అందుకోవాలని కార్బొరేటర్ మూతిలో పెట్రోల్ పోసే అలవాటూ మానాలి, ఎదురు మంట మొహం మీదకే వస్తుంది.

మొదట మూడు లీటర్లే పోసి, కింద న్యూస్‌పేపర్లు పరిచి గంట ఆగండి. తడి లేకపోతే ఇంజన్ స్టార్ట్ చేసి మళ్లీ చూడండి. అంతటితో వదిలేయకుండా ఒకసారి ట్యాంకు నిండా కొట్టించి, బండిని ఆరుబయటే ఉంచి, రాత్రంతా పేపర్లు అలాగే వదలండి, ఎందుకంటే పై అతుకు, మూతి రబ్బరు, ఫ్లోట్ గ్యాస్కెట్ (ఫ్లోట్ బిగించేచోట కారకుండా వేసే సీలు) కారేది నిండినప్పుడే. రెండో ఆదివారం మేం పరిచిన పేపరు మీద తెల్లారేసరికి రూపాయి బిళ్లంత మచ్చ. పాత గ్యాస్కెట్టే బాగుంది కదా అని మళ్లీ వేశాం. మూడో ఆదివారం దానికే పోయింది.