సోలార్ పెట్టాక వచ్చే తంటాలు, పెట్టకముందే చూసుకోవలసినవి: గోదావరి డెల్టా ఇళ్ల కోసం

మా ఇంటి మీద, మా పెద్దమ్మ వాళ్ల ఇంటి మీద సోలార్ పెట్టించిన దగ్గర్నుంచీ చుట్టాలు, ఇరుగుపొరుగు అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న: "పెట్టించామండీ, కానీ అనుకున్నట్టు రావట్లేదు, ఏంటంటారు?" వెళ్లి చూస్తే పలక (సోలార్ ప్యానెల్) చెడిపోయిన ఇల్లు ఒక్కటీ కనిపించలేదు. తప్పంతా అడ్వాన్సు ఇచ్చే ముందు జరిగిందే. అందుకే ఇక్కడ ముందు సమస్య, తర్వాత కారణం, ఆ తర్వాత ఏం చేయాలో చెబుతాను. ఇంకా పెట్టించని వాళ్లకే ఇది ఎక్కువ పనికొస్తుంది.

సమస్య: ఎండాకాలంలో బాగా వచ్చింది, డిసెంబరు నాటికి సగానికి పడిపోయింది

పెద్దమ్మ వాళ్ల ఇంట్లో జరిగింది ఇదే. మే నెలలో వచ్చి చూసిన కాంట్రాక్టరు "నీడే లేదండీ" అన్నాడు, ఆ రోజుకి అది నిజమే. మన డెల్టా దాదాపు 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది కాబట్టి మే, జూన్ నెలల్లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నెత్తి మీదే ఉంటాడు, ఇంకా చెప్పాలంటే జూన్‌లో కొంచెం ఉత్తరానికే ఉంటాడు. దక్షిణం వైపు ఎంత కొబ్బరితోట ఉన్నా అప్పుడు నీడ డాబా మీదకి రాదు. అదే డిసెంబరు వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం కూడా 50 డిగ్రీల ఎత్తుకు మించి లేవడు. ఉదయం తొమ్మిదింటికైతే ఆగ్నేయ మూలన 30 డిగ్రీల దగ్గరే ఉంటాడు. పలకల ఎత్తు నుంచి లెక్కేస్తే 10 మీటర్లు పైకి ఉన్న కొబ్బరిచెట్టు నీడ ఆ వేళకి 17 మీటర్ల దూరం పోతుంది. మధ్యాహ్నం కూడా 8 మీటర్ల పైనే ఉంటుంది.

కొబ్బరి మట్ట నీడ పల్చనిదే కదా, అది ఏం చేస్తుందిలే అనుకోకండి. పలకలన్నీ ఒకదాని వెనక ఒకటి వరసగా కలిపి ఉంటాయి. పంట బోదెలో ఒకచోట తుక్కు అడ్డం పడితే దాని కింద ఉన్న చేలన్నింటికీ నీరు తగ్గుతుంది చూడండి, ఇదీ అలాంటిదే. పలకలోపల ఉండే బైపాస్ డయోడ్లు నీడపడిన భాగాన్ని పక్కకు తప్పిస్తాయి కానీ ఆ భాగం నుంచి వచ్చే కరెంటు మాత్రం పోయినట్టే.

ఏం చేయాలంటే, వీలైతే డిసెంబరు, జనవరి నెలల్లో ఒక రోజు తొమ్మిదింటికి, పన్నెండింటికి, మూడింటికి డాబా ఎక్కి నీడ ఎక్కడిదాకా వచ్చిందో సుద్దముక్కతో గీత గీయండి. అప్పటిదాకా ఆగలేకపోతే సూర్యుడి దారిని కెమెరాలో చూపించే ఫోన్ యాప్‌లు ఉన్నాయి, అందులో డిసెంబరు 21 తేదీ పెట్టి చూడండి. దక్షిణం ఒక్కటే కాదు, ఆగ్నేయం, నైరుతి మూలల చెట్లు ఇంకా ముఖ్యం. ఇప్పుడు పిట్టగోడ దాకా ఉన్న మొక్కను కూడా లెక్కలోకి తీసుకోండి, పలకలు పాతికేళ్లు ఉండాల్సినవి, ఆ మొక్క అప్పటిదాకా మొక్కగానే ఉండదు. ఇప్పటికే పెట్టించేసి ఉంటే కాయ కాసే చెట్టు కొట్టేయమని నేను చెప్పను. పలకల్ని డాబా ఉత్తరపు అంచుకు జరపడం, పలకల్ని మోసే ఇనప స్ట్రక్చర్ ఎత్తు పెంచడం, అదీ కుదరకపోతే ఒక పలక నీడ మిగతావాటిని తగ్గించకుండా నీడపడే పలకలకు ఆప్టిమైజర్లో, మొత్తానికి పలక పలకకీ విడిగా ఉండే మైక్రో ఇన్వర్టర్లో పెట్టించడం, ఈ వరసలో ఆలోచించండి. ఖర్చు కూడా ఇదే వరసలో పెరుగుతుంది.

సమస్య: కరెంటు పోతే సోలారూ ఆగిపోతోంది, పట్టపగలు ఎండ ఉన్నా

ఇది లోపం కాదు. ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్, అంటే పలకల కరెంటుని ఇంటి కరెంటుగా మార్చి బయటి లైన్‌తో కలిపే పెట్టె, లైన్‌లో కరెంటు లేదని తెలియగానే ఆగిపోవాలి. లేకపోతే మీ డాబా మీది కరెంటు లైన్‌లోకి వెళ్లి, స్తంభం ఎక్కిన లైన్‌మేన్ ప్రాణం మీదకి వస్తుంది. బాధేమిటంటే అమ్మేవాళ్లలో చాలామంది ఈ సంగతి ముందు చెప్పరు. 1996 నవంబరు తుఫాను చూసిన కోనసీమ వాళ్లకి కరెంటు లేని రోజులంటే ఏమిటో చెప్పక్కర్లేదు, సోలార్ అంటే ఆ బాధ తీరుతుందనుకునే కొంటారు, పాపం.

మీకు కావలసింది బిల్లు తగ్గడమా, కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ తిరగడమా, ముందు తేల్చుకోండి. బిల్లు ఒక్కటే అయితే ఆన్‌గ్రిడ్ చాలు, ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టరు, బ్యాటరీ అలాగే ఉంచుకోండి, కోతల సమయంలో అవే ఆదుకుంటాయి. నా మట్టుకు నేను చాలా ఇళ్లకి ఇదే చెబుతాను, ఎందుకంటే ఖర్చు తక్కువ. రెండూ కావాలంటే బ్యాటరీతో కూడిన హైబ్రిడ్. అప్పుడు బ్యాటరీ లెక్క మీరే వేయండి: 75 వాట్ల ఫ్యాన్లు మూడు, లైట్లకి 40 వాట్లు, వైఫైకి 10, మొత్తం 275. పది గంటలకి 2.75 యూనిట్లు. మామూలు 150 ఏహెచ్ బ్యాటరీలో ఉండేది 1.8 యూనిట్లు, అందులో సగానికి మించి వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుంది, అంటే మూడు బ్యాటరీలైనా కావాలి. 5 యూనిట్ల లిథియం బ్యాటరీ ఒక్కటైతే సరిపోతుంది. ఏసీని, మోటారుని ఈ లెక్కలోకి రానివ్వకండి.

సమస్య: మధ్యాహ్నం ఇన్వర్టర్ ఆగుతూ, వెలుగుతూ ఉంటోంది

తెర మీద గ్రిడ్ ఓవర్ వోల్టేజ్ అని చూపిస్తుందేమో చూడండి. సోలార్ కరెంటు బయటికి పోవాలంటే ఇన్వర్టర్ దగ్గర వోల్టేజి లైన్‌కన్నా కొంచెం ఎక్కువ ఉండాలి. వైరు సన్నగా, దూరం ఎక్కువగా ఉంటే ఆ తేడా పెరిగిపోతుంది. 3 కిలోవాట్లకి 13 ఆంపియర్లు పోతాయి, మీటరు 30 మీటర్ల దూరంలో ఉండి 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే 6 వోల్టుల దాకా తేడా వస్తుంది. అదే 6 చదరపు మిల్లీమీటర్ల వైరైతే రెండున్నర వోల్టులే. ఎండ బాగా ఉన్నప్పుడు ఎలక్ట్రీషియన్‌తో ఇన్వర్టర్ దగ్గరా, మీటరు దగ్గరా వోల్టేజి కొలిపించండి. తేడా ఎక్కువుంటే వైరు మార్చండి. మీటరు దగ్గరే 250 దాటి ఉంటే అది మీ ఇంట్లో తప్పు కాదు, కరెంటు సెక్షన్ ఆఫీసులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. భీమవరం చుట్టుపక్కల చెరువుల ఊళ్లలో దీనికి వ్యతిరేకం కూడా జరగొచ్చు, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ ఒకేసారి తిరిగితే వోల్టేజి పడిపోయి ఇన్వర్టర్ ఆగుతుంది. అదీ ఆఫీసులో చెప్పాల్సిందే.

సమస్య: రెండేళ్లు కాలేదు, స్ట్రక్చర్ కాళ్ల దగ్గర తుప్పు కారి స్లాబ్ ఎర్రబడింది

సముద్రం ఒడ్డున అంతర్వేది, ఓడలరేవు వైపు గేటుకీ కిటికీ ఊచలకీ ఏ గతి పడుతుందో దీనికీ అదే. మామూలు ఇనుముకి వెండిరంగు పెయింటు వేసి జీఐ (జింకు పూత ఇనుము) అని అంటగడతారు. నిజంగా జింకు పూత ఉన్నా, సైటులో కోసి, బెజ్జం వేసి, వెల్డింగ్ పెడితే ఆ చోట పూత పోతుంది, ఉప్పుగాలి అక్కణ్ణుంచే మొదలుపెడుతుంది. కోత, బెజ్జాలు, వెల్డింగ్ అంతా అయ్యాక జింకులో ముంచిన స్ట్రక్చర్, స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు అని కొటేషన్‌లోనే రాయించుకోండి. పలకలకి ఉప్పుగాలి పరీక్ష, ఐఈసీ 61701, పాసైన కాగితం అడగండి. ఇప్పటికే తుప్పు మొదలైతే గీకి, జింకు ఎక్కువుండే ప్రైమర్ రెండుసార్లు వేయండి, బోల్టులు మార్చేయండి.

గాలి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మన తీరానికి డిజైన్ గాలివేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. ఎత్తుగా లేపిన స్ట్రక్చర్‌కి ఈ లెక్క కట్టారా అని అడగండి, ఊరికే తల ఊపితే ఒప్పుకోకండి. స్లాబ్‌కి బెజ్జాలు వేస్తే వానాకాలంలో కారుతుంది, సిమెంటు దిమ్మల మీద నిలబెట్టించడం నయం, కానీ ఆ దిమ్మల బరువు గాలికి సరిపోవాలి. పాత పెంకుటిల్లు అయితే దూలాల మీద వేయొద్దు, విడిగా స్తంభాలు లేపి వేయించండి.

సమస్య: రోహిణి కార్తెలో అంత ఎండ కాసినా యూనిట్లు పెరగలేదు

పలకకి కావలసింది వెలుగు, వేడి కాదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.35 శాతం దాకా తగ్గుతుంది, పలక 65 డిగ్రీలకి వేడెక్కితే 14 శాతం పోయినట్టే. కింద గాలి ఆడేలా ఉంటే చాలు, ఇంకేం చేయక్కర్లేదు. తుడిచేది ఎండ ఎక్కకముందే తుడవండి. ఉప్పు బోరు నీళ్లతో కడిగితే తెల్లటి మరకలు పడతాయి, కాబట్టి కాలువలు కట్టేసిన రోజుల్లో మంచినీళ్లే కాసిని వాడండి.

సమస్య: 3 కిలోవాట్లు పెట్టినా బిల్లు వస్తూనే ఉంది

కిలోవాట్‌కి రోజుకి సగటున 4 యూనిట్లు, అంటే 3 కిలోవాట్లకి నెలకి 360. ముసురు పట్టిన నెలల్లో అంత రాదు. ఒక్క నెల బిల్లు చూసి కెపాసిటీ తేల్చకండి, పన్నెండు నెలల బిల్లులు ముందేసుకుని యూనిట్లు కూడండి. వచ్చే ఏడాది కొనబోయే ఏసీని కూడా అందులో కలపండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 1 కిలోవాట్‌కి 30,000, 2 కిలోవాట్లకి 60,000, 3 లేదా అంతకు మించితే 78,000 రూపాయల సబ్సిడీ. దీనికి మన దేశంలో తయారైన సెల్స్ ఉన్న పలకలే పెట్టాలి. ఇంటి మీటరు ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పించుకోండి, సబ్సిడీ ఆగిపోయే ఇళ్లలో నేను చూసిన కారణం ఇదే.

అన్నీ సరిగ్గా ఉండి మొదటి నెలే బిల్లు మామూలుకన్నా పెరిగిందంటే, నెట్ మీటరు (వచ్చిన, పోయిన కరెంటుని విడివిడిగా లెక్కేసేది) పెట్టకముందే సోలార్ ఆన్ చేసి ఉంటారు. పాత మీటర్లలో కొన్ని బయటికి పోయే కరెంటుని కూడా మీరు వాడినట్టే లెక్కేస్తాయి. కాంట్రాక్టరు "టెస్టింగ్ అండీ" అన్నా సరే, మీటరు మారేదాకా సోలార్ బ్రేకర్ దించే ఉంచండి. మారిన రోజున వచ్చిన యూనిట్లు, పోయిన యూనిట్లు, రెండు రీడింగులూ ఫోటో తీసి పెట్టుకోండి, మొదటి బిల్లు రాగానే పక్కపక్కన పెట్టి చూడొచ్చు.