మోటరు ఆపగానే ట్యాంకు నీళ్లు వెనక్కి పోతున్నాయా?

రాత్రి నిండుగా ఉన్న ట్యాంకు, ఎవరూ కొళాయి తిప్పకపోయినా తెల్లారేసరికి సగానికి వచ్చిందంటే నీళ్లు మోటరు పైపులోంచే సంపులోకి దిగిపోతుండొచ్చు. తేల్చుకోవడం తేలికే. మున్సిపల్ నీళ్లు రాని వేళ మోటరు ఆపి, సంపు గోడ మీద నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీయండి. అరగంట తర్వాత కూడా నీళ్లు గీత దాటి పెరుగుతూనే ఉంటే అనుమానం నిజమే.

ఎక్కే పైపు చివర ట్యాంకు నీళ్లలో మునిగి ఉన్నా, పైపును ట్యాంకు అడుగున కలిపినా ఇలా జరుగుతుంది. నీళ్లకు తగలకుండా పైనుంచి పడే పైపైతే, పైపులో నిలిచిన నీళ్లే దిగుతాయి. కాబట్టి ముందు మునిగిన చివరను కోయించండి, ఖర్చు పెద్దగా ఉండదు. తర్వాత మోటరు దాటాక నాన్ రిటర్న్ వాల్వు (నీళ్లను ఒకవైపే పోనిచ్చేది) పెట్టించండి. దాని మీది బాణం గుర్తు ట్యాంకు వైపే ఉండాలి. వాల్వు ఇప్పటికే ఉంటే విప్పించి చూడండి. లోపలి రేకు కింద ఇసుకో, టెఫ్లాన్ టేపు ముక్కో ఇరుక్కుంటే అది పూర్తిగా మూసుకోదు.

మోటరు తిరుగుతున్నా నీళ్లు ఎక్కట్లేదా? ప్రైమింగ్‌కి, అంటే మోటరు వేసేముందు దాన్ని నింపడానికి, ఎన్ని నీళ్లు పోసినా నిండట్లేదా? సంపులోని పైపు అడుగు చివర ఉండే ఫుట్ వాల్వు పట్టు తప్పినట్టు. చెత్త తీసి కడగండి, వాషరు అరిగితే మార్చండి.

చల్లనీళ్ల కొళాయిలో వేడినీళ్లు వస్తుంటే గీజరులోకి చల్లనీళ్లు వెళ్లే చోట ఉన్న నాన్ రిటర్న్ వాల్వు చూడాలి. నీళ్లు వేడెక్కితే ఉబ్బుతాయి. ఆ వాల్వు వెనక్కి పోయే దారి మూశాక ఆ ఒత్తిడికి సేఫ్టీ వాల్వు ఒక్కటే దిక్కు. చుక్కలు పడుతున్నాయని దానికి బిరడా కొట్టకండి.

వీటన్నిటికన్నా నాకు ఎక్కువ భయం పైకి ఏమీ కనపడని సమస్య గురించే. మున్సిపల్ పైపు మూతి సంపు నీళ్లలో మునిగి ఉంటే, సరఫరా ఆగి లైనులో ఒత్తిడి పడిపోయినప్పుడు ఆ నీళ్లు వీధి పైపులోకి లాగేసుకుపోతాయి. మర్నాడు అవి పక్కింటి బిందెలోకి వస్తాయి. సబ్బునీళ్ల బకెట్లో వదిలేసిన హోస్ పైపుతోనూ ఇదే ముప్పు. పైపు మూతి సంపు పొంగే మట్టానికి కనీసం రెండు పైపు వెడల్పులంత ఎత్తులో ఉండాలి. సన్నపైపైనా అంగుళానికి తగ్గకూడదు.

మున్సిపల్ లైనుకే నేరుగా మోటరు బిగించడం ఇంకా ఘోరం. లైను పగిలి ఉన్న చోటల్లా ఆ లాగుడుకి మురికినీళ్లు లోపలికి వస్తాయి. ముందు సంపులోకి పట్టుకుని, అక్కడినుంచి మోటరు వేసుకోండి.