ఆర్థిక సలహాదారు అర్హతలు ఎలా సరిచూసుకోవాలి?

రిటైర్మెంట్ డబ్బో, పొలం అమ్మిన డబ్బో చేతికొచ్చిందంటే గుంటూరులో సలహాలు చెప్పేవాళ్లకు కొదవుండదు. మిర్చి యార్డులో కాటా మీద నుంచి కన్ను తిప్పని రైతు కూడా ఇక్కడికొచ్చేసరికి "తెలిసినవాడే కదా" అని చెక్కు రాసిచ్చేస్తాడు. విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్‌లో లక్షలమంది సొమ్ము ఇరుక్కుపోయిన జిల్లాల్లో ఉన్నాం మనం. కాస్త మొహమాటం పక్కన పెడదాం.

1. ముందు నంబరు అడగండి. విజిటింగ్ కార్డు మీద ఐఎన్‌ఏ (INA) అక్షరాలు, వాటి పక్కన తొమ్మిది అంకెలు ఉంటే ఆయన సెబీ (షేర్లు, ఫండ్ల మార్కెట్‌ను నియంత్రించే ప్రభుత్వ సంస్థ) దగ్గర నమోదైన పెట్టుబడి సలహాదారు. ఏఆర్‌ఎన్ (ARN) ఉంటే మ్యూచువల్ ఫండ్ డిస్ట్రిబ్యూటర్, అంటే ఫండ్లు అమ్మిపెట్టేవాడు. ఇద్దరూ చట్టబద్ధమే, కానీ పని వేరు.

2. ఆ నంబరును మీరే వెతకండి. ఐఎన్‌ఏ అయితే సెబీ వెబ్‌సైట్‌లో, ఏఆర్‌ఎన్ అయితే మ్యూచువల్ ఫండ్ కంపెనీల సంఘం యాంఫీ (AMFI) సైట్‌లో దొరుకుతుంది. పేరు, అడ్రసు, గడువు సరిపోవాలి. వేరొకరి నంబరు అచ్చేసుకుని తిరిగేవాళ్లున్నారు. అందుకే కార్డు మీది ఫోన్‌కి కాకుండా సైట్‌లో ఉన్న ఫోన్‌కే చేసి, ఎదురుగా కూర్చున్న మనిషి ఆయనేనా అని అడగండి.

3. డిగ్రీ దేనికో తెలుసుకోండి. సీఎఫ్‌పీ (ఫైనాన్షియల్ ప్లానర్ కోర్సు) చదివినవాళ్లు బీమా, పన్ను, రిటైర్మెంట్ అన్నీ కలిపి ఇంటి ఆర్థిక ప్లాన్ వేయడం నేర్చుకుంటారు. సీఎఫ్‌ఏ (ఫైనాన్షియల్ అనలిస్ట్ కోర్సు) మూడు లెవెల్స్ పరీక్ష, కంపెనీల విశ్లేషణలో లోతెక్కువ. సీఏ పన్నుల్లో దిట్ట. సెబీ పెట్టిన ఎన్‌ఐఎస్‌ఎం సంస్థ ఇచ్చే సర్టిఫికెట్‌కు గడువుంటుంది, తేదీ చూడండి. ఇవన్నీ చదువుకు రుజువులే. నిజాయితీకి మాత్రం ఏ సర్టిఫికెట్టూ లేదు. నా మటుకు డిగ్రీ కన్నా రిజిస్ట్రేషనే ముఖ్యం, ఎందుకంటే తేడా వస్తే జవాబు చెప్పాల్సిన మనిషి ఒకడు దొరుకుతాడు.

4. "మీకు డబ్బు ఎవరిస్తారండీ?" అనండి. డిస్ట్రిబ్యూటర్‌కు ఫండ్ కంపెనీ కమీషన్ ఇస్తుంది. సలహాదారు మీ దగ్గరే ఫీజు తీసుకుంటాడు, మీ పెట్టుబడి మీద కమీషన్ తీసుకోకూడదు. ఇంట్లో ఫండ్ స్టేట్‌మెంట్ ఉంటే తీయండి. స్కీమ్ పేరులో "డైరెక్ట్" అని ఉందా, "రెగ్యులర్" అని ఉందా? డైరెక్ట్‌లో కమీషన్ ఉండదు. రెగ్యులర్ అయితే కమీషన్ ఖర్చు మీ డబ్బులోంచే ఏటా పోతోంది. ఫీజూ కట్టి, రెగ్యులరూ కొన్నారంటే గట్టిగా అడగాల్సిందే.

5. నెలకు రెండు శాతం గ్యారంటీ అంటే లేచి వచ్చేయండి. సెబీ సలహాదారు అలా హామీ ఇవ్వకూడదు. పెట్టుబడి చెక్కు ఫండ్ పేరు మీదే రాయాలి, ఆయన పేరు మీద కాదు.

అప్పటికే ఇబ్బందిలో పడి ఉంటే ముందు ఆయనకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. పరిష్కారం కాకపోతే సెబీ వారి ఫిర్యాదుల వెబ్‌సైట్ స్కోర్స్ (SCORES)లో పెట్టండి. సెబీ టోల్ ఫ్రీ నంబరు 1800 266 7575.