ఇంట్లో పెద్దల సంరక్షణ, 5వ పాఠం: గోలీలకు ఇంటిపేరు వెనకాల ఉంటుంది

ఈసారి స్నానం చేయించడం గురించి చెప్తానన్నాను. అది వాయిదా. పోయిన పాఠంలో ఇంట్లో ఉన్న గోలీలన్నీ ఒక పళ్లెంలో పోసి జాబితా రాయమన్నాను కదా, ఆ జాబితాలు చూశాక ముందుకు పోబుద్ధి కాలేదు.

తప్పు కొంత నాదే. ‘అన్నీ’ అంటే సరిపోతుందనుకున్నాను. మీరేమో డాక్టర్ చీటీలో ఉన్నవే రాశారు. ఫ్రిజ్ తలుపులో దగ్గు మందు, దిండు కింద నొప్పుల గోలి, ‘నాకు మంచిగ పనిచేసింది వదినా’ అని పక్కింటామె ఇచ్చిపోయిన చూర్ణం, ఇవేవీ లేవు. ఒకరైతే ‘బీపీది తెల్ల గోలి, షుగరుది చిన్న గోలి’ అని రాశారు. కంపెనీ మారితే రంగూ మారుతుంది. ఆ జాబితా చించేయండి.

అసలు నాకు కోపం తెప్పించింది ఇంకోటి. ఒకే మందు రెండు పేర్లతో రెండు వరుసల్లో ఉంది, అదీ మూడు జాబితాల్లో!

మలక్‌పేటలో నేను చూసుకున్న ఒక పెద్దాయన ఏళ్ల తరబడి బీపీకి టెల్మా 40 వేసుకునేవాడు. నిమోనియా వచ్చి వారం ఆసుపత్రిలో ఉన్నాడు. ఇంటికి పంపేటప్పుడు కాగితం మీద టెల్మికైండ్ 40 రాశారు. కొడుకు కొత్త మందు అనుకుని తెచ్చాడు. పాతది ఆపాలని వాళ్లు చెప్పలేదు, వీళ్లు అడగలేదు. రెండూ టెల్మిసార్టానే, అంటే బీపీ మందు రెండింతలు పోయింది. నాలుగో రోజు తెల్లారగట్ల మంచం మీంచి లేచి నాలుగడుగులు వేసి, బాత్రూమ్ గడప దగ్గర కూలబడ్డాడు. తుంటి దక్కింది, మణికట్టు విరిగింది. కోడలు ఏడుస్తూ ‘అక్కా, ఒక్క పూట కూడా మందు మరిచిపోలేదు’ అంది. నిజమే, ఒక్క పూట కూడా మరవలేదు.

అందుకని గోలీల షీటు వెనక్కి తిప్పండి. కళ్లకు కొట్టొచ్చినట్టు ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు. దాన్ని వదిలేసి ‘ఐపీ’ (IP) అన్న రెండక్షరాలు వెతకండి. ఇండియన్ ఫార్మకోపియా అని దానర్థం. చాలా మందుల మీద ఉంటుంది. ‘టాబ్లెట్స్’ అన్నది పక్కన పెడితే, దానికి ముందున్న మాటే మందు అసలు పేరు, పక్కనే మిల్లీగ్రాములు. జాబితాలోకి ఎక్కాల్సింది అదే. కొన్ని గోలీల్లో ఇద్దరు కాపురం ఉంటారు. టెల్మా ఏఎమ్‌లో టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్. గ్లైకోమెట్ జీపీలో మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్. ఎకోస్ప్రిన్ ఏవీలో ఆస్పిరిన్‌తో పాటు కొలెస్ట్రాల్‌కి ఇచ్చే అటోర్వాస్టాటిన్. ఇద్దరినీ వేర్వేరు వరుసల్లో రాయండి. అప్పుడే ఏఎమ్‌తో పాటు విడిగా ఇంకో ఆమ్లోడిపిన్ పోతోందా అన్నది కనబడుతుంది.

మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, మందులకు వెనక వస్తుంది. టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఓల్మెసార్టాన్ ఒకే ఇల్లు. ఎనలాప్రిల్, రామిప్రిల్ ఇంకో ఇల్లు. ఆమ్లోడిపిన్, సిల్నిడిపిన్ మరో ఇల్లు. అన్నీ బీపీ మందులే. జాబితాని పైకి చదవండి, ప్రాస కలిసినచోట ఆగండి. ఇద్దరు సార్టాన్లు, లేదా ఒక సార్టాన్ ఒక ప్రిల్ కనబడితే ఆ వరుసల కింద ఎర్ర గీత గీసి, ఆ రోజే డాక్టర్‌కి చూపించండి. మీ అంతట మీరు మాత్రం ఏదీ ఆపొద్దు. బీపీకి, గుండెకి ఇచ్చే మెటోప్రోలోల్ లాంటివి ఉన్నట్టుండి ఆపితే గుండెకే ప్రమాదం.

మెడికల్ షాపులో ఆరు గోలీలు కత్తిరించి ఇస్తే పేరు, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క అక్కడే ఉండిపోతుంది. నేనైతే పూర్తి షీటే కొంటాను, పేరు లేని వైపు నుంచి గోలీలు తీస్తాను. వారం రోజుల గళ్ల డబ్బాలు నాకు నచ్చవు, షీటు నుంచి ఊడదీశాక ఏ గోలి ఏదో దేవుడికే తెలియాలి. అలవాటైపోయినవాళ్లు వాడుకోండి, ఖాళీ షీట్లు మాత్రం నెలాఖరు దాకా పారేయకండి.

నొప్పుల గోలీల గురించి ఒక్కమాట. కాంబిఫ్లామ్‌లో ఐబుప్రోఫెన్‌తో పాటు పారాసిటమాల్ కూడా ఉంది, కాబట్టి దానిమీద డోలో వేస్తే పారాసిటమాల్ రెండుసార్లు పోయినట్టే. ఐబుప్రోఫెన్ చాలా బీపీ మందుల్ని పూర్తిగా పనిచేయనివ్వదు, మూత్రం ఎక్కువగా పోవడానికిచ్చే గోలీలు కూడా వాడుతుంటే కిడ్నీల మీద పడుతుంది. జలుబు గోలీల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్‌తో కొందరు పెద్దవాళ్లు రాత్రిపూట పొంతన లేకుండా మాట్లాడతారు, మూత్రం బిగబడుతుంది. మతిమరుపు మొదలైందని కంగారుపడే ముందు ఆ షీటు చూడండి.

అభ్యాసం. లేచి నిలబడగానే బీపీ పడిపోతోందేమో చూడాలి. కష్టమే, తెల్లారి లేవాలి. వరసగా మూడు రోజులు, మంచం దిగకముందే, ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకోబెట్టి బీపీ చూడండి. తర్వాత నిలబెట్టి ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో చూడండి. పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకు మించి గానీ పడిపోతే ఆ కాగితాన్ని మందుల జాబితాకి పిన్ను కొట్టి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇద్దరు ఉండాలి, ఒకరు మిషన్ చూసుకోవడానికి, ఒకరు మనిషిని పట్టుకోవడానికి. వెనక కుర్చీ వేసి ఉంచండి. కళ్లు తిరుగుతున్నాయంటే మూడో నిమిషం కోసం చూడకుండా కూర్చోబెట్టేయండి. ఆ గడిలో అంకె బదులు ‘నిలబడలేకపోయింది’ అని రాయండి, డాక్టర్‌కి అదీ పనికొస్తుంది.