సంగీత కళాశాల ఆడిషన్‌కు సాధన ఎలా చేయాలి

ముందు కళాశాల ఇచ్చిన నిబంధనలు చదవండి: ఎన్ని రచనలు, ఏ శైలులు, ఎంతసేపు, స్వరలిపి (రాసిన స్వరాలు) చూడకుండా వాయించాలా. స్వభావంలో తేడా ఉన్న రెండు రచనలు ఎంచుకోండి. ఒకటి నెమ్మదిగా సాగేదైతే నాదశుద్ధి, ఊపిరి పట్టు దాచలేనంత స్పష్టంగా తెలుస్తాయి. కష్టమైన రచనతో మెప్పించాలనే ఆశ చాలామందిని దెబ్బతీస్తుంది. కంగారులో వేగం పెరుగుతుంది, అప్పటికే అంచున ఉన్న వేళ్లు తడబడతాయి. అందుకే అసలు వేగం కంటే కాస్త ఎక్కువలోనూ తేలిగ్గా పలికేదే తీసుకెళ్లండి.

తడబడే చోట మెట్రోనోమ్‌ను (టక్ టక్ మంటూ లయ చూపే పరికరాన్ని) సగం వేగానికి దించి, మూడుసార్లు వరుసగా తప్పు లేకుండా వచ్చాకే వేగాన్ని నిమిషానికి నాలుగు బీట్లు పెంచండి.

ముందు చూడని స్వరలిపిని అప్పటికప్పుడు చూసి వాయించే పరీక్షకు రోజూ పది నిమిషాలు కొత్త పేజీ కావాలి. మొదలుపెట్టే ముందు శ్రుతి, తాళం, లయ అన్నిటికన్నా చిక్కుగా ఉన్న చోటు చూసుకుని, దానికి సరిపడే వేగం పట్టండి. స్వరం తప్పినా ఆగొద్దు. వెనక్కి వెళ్లి దిద్దితే లయ తెగుతుంది, అది ఇంకా పెద్ద లోపం.

పక్కవాద్యం ఉంటే కనీసం రెండుసార్లు కలిసి సాధన చేయండి. ఫోన్‌లో రికార్డు చేసి పంపాలంటే ధ్వనిని తనంతట తానే సర్దే సెట్టింగ్ ఆపేయండి, లేకపోతే మెల్లని, బిగ్గర స్వరాలు ఒకేలా వినిపిస్తాయి. పరీక్షకుల బృందం మధ్యలో ఆపితే బెదరకండి, సమయం కోసం అలా చేయడం మామూలే.